భార్గవి ఎడమ మోకాలు

ప్రగతి నగర్, హైదరాబాద్
11 ఫిబ్రవరి 2025

గౌరవనీయులు మునిస్వామి గారికి,

నమస్కారమండి. ఆదివారం మీకు ఫోన్ చేసినవాణ్ణి నేనే. పేరు పార్థసారథి. మీరు రెండు మాటలు విని పెట్టేశారు. నాకూ ఆడపిల్లే ఉండి ఎవరో ఊరూపేరూ తెలియని మనిషి అలా ఫోన్ చేస్తే నేనూ పెట్టేసేవాణ్ణే. చెప్పాల్సింది మిగిలిపోయింది కాబట్టి రాస్తున్నాను. మీ మోటార్ వైండింగ్ షాపు అడ్రసు ఆస్పత్రి కాగితంలో ఉంటే రాసుకున్నాను.

నేను కాకినాడ దగ్గర ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఫిజికల్ డైరెక్టరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు గోపన్‌పల్లిలో ఒక ఆడపిల్లల జట్టుకు కోచ్‌ని. ఎనిమిది మంది. చాలామంది మీ అమ్మాయిలాగే రాయదుర్గం, హైటెక్ సిటీ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు. ఆట పేరు ఫ్లాగ్ ఫుట్‌బాల్. పేరులో ఏమున్నా కాలితో తన్నేది లేదండి. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో విసిరి, పట్టుకుని, అవతలి గీత దాటాలి. జట్టుకు ఐదుగురు. పడదోసుకోవడం ఉండదు. నడుముకు వేలాడే పట్టీ ఒకటి ఎదుటివాళ్లు లాగేస్తే అక్కడితో ఆగాలి. బంతి అందుకుని, ఎవరికి విసరాలో రెండు మూడు సెకన్లలో తేల్చుకునే మనిషిని క్వార్టర్‌బ్యాక్ అంటారు. రెండేళ్లుగా మా జట్టులో ఆ మనిషి మీ భార్గవి. ముప్పై అయిదు గజాల అవతల పరిగెత్తే పిల్ల చేతుల్లోకి బంతిని దింపుతుంది. నా సర్వీసులో అలాంటి చెయ్యి ఇంకొకటి చూడలేదు.

ఆదివారం సిటీ లీగ్ సెమీఫైనల్. రెండో సగంలో అవతలి అమ్మాయి పట్టీ కోసం దూసుకొచ్చింది. భార్గవి పక్కకు తప్పుకుని ఎడమ కాలు మోపింది. మోకాలు లోపలికి మడతపడింది. ఎవరూ తగల్లేదు. ఆ చప్పుడు గీత దగ్గర నిలబడ్డ నాకు వినిపించింది. మోకాలి లోపలి లిగమెంటు పూర్తిగా తెగిందని స్కాన్‌లో తేలింది. వాపు తగ్గాక మార్చి మొదటి వారంలో ఆపరేషన్. నడకకూ, ఉద్యోగానికీ ఏ లోటూ ఉండదని డాక్టరు గారు చెప్పారు. ఆటకు మాత్రం తొమ్మిది నెలలు ఆగాలట.

మీకు చెప్పొద్దని నన్ను బతిమాలింది. ఆడుతున్న సంగతే ఇంట్లో తెలియదని అప్పుడే నాకు తెలిసింది. చెప్పకుండా ఉండటం నాకు చేతకాలేదు.

ఇట్లు,
పార్థసారథి


ప్రొద్దుటూరు
20 ఫిబ్రవరి

పార్థసారథి సారుకు,

మీ జాబు అందింది. ఫోన్లో అయితే నోటికొచ్చినట్టు అంటాను. అందుకే రాస్తాండా. మీరూ రాయండి.

మా ఇంటామె వెంకటలక్ష్మి మొన్న పొద్దున బస్సెక్కి గోపన్‌పల్లిలో బిడ్డ ఉండే ఫ్లాటుకు వచ్చింది. నేను షాపు మూసి రాలేను. ఎండాకాలం ముందర బోరుమోటార్లు వరసగా కాలిపోతాయి, రైతులు గడప మీదే కూచోనుంటారు.

రెండేండ్లు సార్. ప్రతి ఆదివారం ఫోన్ చేసి "ఇప్పుడే లేచినా నాన్నా" అనేది. ఆయాసపడతా మాట్లాడితే జలుబేమో అనుకుంటి. మిరియాల కషాయం తాగమంటి. దానికి నవ్వొచ్చింటుంది.

ఆటలొద్దని నేనెప్పుడూ అనలేదు. అడిగుంటే అనేవాణ్ణేమో. ఆ మాటా రాస్తున్నా, దాచేదెందుకు.

ఒకటి అడుగుతా. ఎవరూ తగలకుండా, ఎవరూ తోయకుండా, ఇరవై ఏడేండ్ల పిల్ల మోకాలు ఉత్తపుణ్యానికి ఎట్లా తెగుతాది? నాకు అర్థమయ్యేటట్టు రాయండి.

మునిస్వామి


ప్రగతి నగర్
14 మార్చి

మునిస్వామి గారికి,

ఆపరేషన్ బాగా జరిగిందండి. వెంకటలక్ష్మి గారు మీకు చెప్పే ఉంటారు. నాలుగో రోజునే కాలు నిటారుగా లేపింది. ఆఫీసువాళ్లు ఇంటి నుంచే పని చేసుకోమన్నారు.

మీ ప్రశ్నకు జవాబు. పరిగెత్తే మనిషి ఒక్కసారిగా ఆగి తిరిగితే బరువంతా ఒక్క మోకాలి మీద పడుతుంది. ఇలాంటి దెబ్బలు ఆడపిల్లల్లో ఇంకా ఎక్కువని పుస్తకాల్లో ఉంది. చాలాసార్లు ఎవరూ తగలకుండానే జరుగుతాయి.

జట్టు సంగతి అడగలేదు మీరు. అయినా చెబుతాను. ఇద్దరు రావడం మానేశారు. మిగిలింది, మీ అమ్మాయి కాక, ఐదుగురు. సరిగ్గా ఆడటానికి సరిపోయేంత. తప్పు నాదేనండి. ఆట మొత్తం ఒక్క చేతి చుట్టూ కట్టాను. భార్గవి విసురుతుంది, గోపన్‌పల్లి అమ్మాయి భూలక్ష్మి గాలిలా పరిగెత్తి పట్టుకుంటుంది. మిగతావాళ్లు దారి ఇస్తారు. అంతే మా ఆట. మొన్న భూలక్ష్మి అడిగింది, "ఇగ మన టీమ్ ఖతమేనా సార్?" అని. బంతులకు గాలి కొట్టుకుంటూ కూర్చున్నాను.

గ్రౌండు యజమాని మాకు ఆదివారం ఉదయాలు ఇస్తున్నాడు. జూన్ చివర జరిగే రాష్ట్ర పోటీల్లో ఫైనల్‌కు రాకపోతే ఆ సమయం క్రికెట్ ఆడేవాళ్లకు ఇచ్చేస్తానన్నాడు. ఉమాశ్రీని క్వార్టర్‌బ్యాక్‌గా పెట్టాను. ఇంతకాలం భార్గవికి బంతి అందించిన పిల్ల. నెమ్మదస్తురాలు. ఇరవై గజాలు దాటి విసరలేదు.

పార్థసారథి


ప్రొద్దుటూరు
22 ఏప్రిల్

సారుకు,

మా ఇంటామె ఆదివారాలు గ్రౌండుకు పోతాందంట. బిడ్డకు తోడుగా పోయి, ఇప్పుడు కుర్చీ వేసుకొని కూచుంటాందంట. "ఆ పిల్ల గీత దాటింది, అయినా పాయింటు ఇయ్యలే" అని ఫోన్లో నాకు న్యాయం చెప్తాంది. సరే.

మా షాపు పిల్లోడు దినేష్ ఆ సెమీఫైనల్ వీడియో యాడనో పట్టి నా ఫోన్లోకి పంపినాడు. షాపులో పదకొండు సార్లు చూసినా. ముందు బిడ్డ విసిరేది చూసినా. అంత దూరం, అంత సూటిగా. నా కూతురికి అట్లాంటి చెయ్యి ఉందని ఊర్లో వాళ్లెవరైనా చెప్తే నేను నమ్మను.

తర్వాత కాలు చూసినా. పడకముందే ఎడమ మోకాలికి గోధుమ రంగు కట్టు ఉంది. మొదటి సగంలోనే ఆ కాలు ఈడుస్తా ఉంది. అడుగు వేస్తే మెట్టు దిగినట్టు దిగుతాంది.

ముప్పై రెండేండ్లుగా మోటార్లు విప్పుతాండా సార్. మోటారు కాలిపోయే ముందు దాని శబ్దం మారుతాది. నడిపేవానికి తెలుస్తాది. అయినా "నిన్నటిదాకా బాగానే ఉండె" అని చెప్తాడు. నేను ఒక్కన్ని కూడా నమ్మలేదు.

బిడ్డను అడగలేదు. మిమ్మల్నే అడుగుతాండా. ఆ కాలు ముందే దెబ్బతినిందని మీకు తెలుసా, తెల్దా?

మునిస్వామి


ప్రగతి నగర్
5 మే

మునిస్వామి గారికి,

తెలుసు.

సెమీఫైనల్‌కు మూడు రోజుల ముందు, గురువారం ప్రాక్టీసులో, ఆమె మోకాలు ఒకసారి పట్టు తప్పింది. "చిన్నదే సార్" అంది. స్కాన్ తీయించమన్నాను. "మ్యాచ్ అయ్యాక తప్పకుండా" అంది. ఆదివారం ఉదయానికి వాపు ఉంది. కట్టు కట్టమని అడిగింది. మీరు చూసిన ఆ కట్టు నేను కట్టిందే.

ఆడతానంది ఆమే. ఆ మాట వెనక నేను దాక్కోను. ఆడొద్దు అని చెప్పడానికే కోచ్ అనేవాడు ఉంటాడు. జట్టు పుట్టాక మొదటి సెమీఫైనల్ అది. ఆమె లేకపోతే ఓడిపోతామని నాకు తెలుసు. నలభై నిమిషాల ఆటేగా, గడిచిపోతుంది అనుకున్నాను. మార్చి ఉత్తరంలో మీకు పుస్తకాల్లో ఉన్నది రాసి, జరిగింది రాయలేదు. అది రెండో తప్పు.

నిన్న గ్రౌండులో అందరినీ కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. మీకు రాస్తున్నాననీ చెప్పాను. భార్గవి మండిపడింది.

"మా నాన్నకెందుకు సార్? కట్టమని అడిగింది నేను."

"అడిగింది నువ్వు. కట్టింది నేను."

"నేను చిన్నపిల్లనా?"

అప్పటిదాకా మాట్లాడని వెంకటలక్ష్మి గారు లేచారు. "తప్పు నాదంటే నాదని ఇద్దరూ బాగా కొట్లాడుతున్నారు. నొప్పికి రోజూ ఏడ్చేది మాత్రం ఇదొక్కతే" అన్నారు.

విజిల్, సామాను ఉమాశ్రీకి ఇచ్చి వచ్చేశాను. ఇక వెళ్లను. మీరు ఏ మాటన్నా పడతాను.

పార్థసారథి


ప్రొద్దుటూరు
12 జూన్

సారుకు,

నెల దాటి రాస్తాండా. మీ జాబు చదివి మొదట రాసింది చించేసినా. రెండోసారి రాసిందీ చించేసినా.

పోయిన వారం హైదరాబాద్‌కు వచ్చినా. మీకు చెప్పలేదు. ఆదివారం బిడ్డ, ఇంటామె గ్రౌండుకు పోయినాక వెనకాలే ఆటోలో పోయి, వల అవతల నిలబడినా. మీరు లేరు. మా బిడ్డ కుర్చీలో కూచోని, ఆ ఉమాశ్రీ చేత విసిరిస్తాంది.

"ఇంకా దూరం. చెయ్యి పూర్తిగా తిప్పు."

"నా చెయ్యి అంతే అక్కా."

"నేను వేసేదాన్ని కదా!"

"నువ్వు వేసేదానివి అక్కా. నేను నువ్వు కాదు కదా."

ఇంకో పిల్ల, సన్నగా పొడుగ్గా ఉంది, భూలక్ష్మి అనుకుంటా, అడ్డం వచ్చింది. "జర ఊకో అక్కా, గామెను ఎయ్యనియ్యి" అనింది. మా బిడ్డ వినలే. ఇరవై సార్లు వేయించింది. ఇరవై సార్లూ బంతి నేల మీదే పడింది. ఆ పిల్ల కండ్లు తుడుచుకుంటా పోయి నీళ్ల పంపు దగ్గర నిలబడింది.

మా బిడ్డ ఇట్లా మాట్లాడుతుందని నాకు తెల్దు. తెల్దని ఎట్లా అంటాలే, నేను షాపులో పనోళ్లతో మాట్లాడేది అట్లనే.

తర్వాత బిడ్డ ఫోన్ వస్తే పక్కకు తిరిగింది. అప్పుడా పిల్ల తనంతట తాను నాలుగు విసిరింది. చిన్నవి, దగ్గరవి. ఇంకా నేను ఎవరికి పోతాదో చూసే లోపలే చేయి దాటిపోతాంది. ఒక్కటీ కింద పడలే. నాకు మీ ఆట తెల్దు సార్. కానీ పనితనం ఎవరి చేతిలో ఉన్నా కనపడతాది.

మీరు మళ్లీ గ్రౌండుకు పోవల్ల. మీరు పోకుంటే మా బిడ్డ ఆ పిల్లను ఇంకో భార్గవిని చేద్దామని చూసి, ఎటూ కాకుండా చేస్తాది. క్షమించినానని అనుకోవద్దు. అది నాకింకా చేతకాలేదు. ఒకటే షరతు. నొప్పి ఉందని తెలిస్తే ఎవురైనా సరే ఆడగూడదు. ఫైనల్ అయినా, దేవుడే దిగొచ్చి అడిగినా.

మునిస్వామి


ప్రగతి నగర్
20 జులై

మునిస్వామి గారికి,

మీ ఉత్తరం అందాక వచ్చిన మొదటి ఆదివారమే గ్రౌండుకు వెళ్లాను. మీ షరతు కాగితం మీద రాసి అందరి చేతా సంతకం పెట్టించాను. మొదటి సంతకం నాది.

భార్గవి వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఉమాశ్రీ ఆటను ఫోన్లో తీసి ఆమెకు ఇచ్చి, "ఈ పిల్ల బంతి ఎన్ని సెకన్లు పట్టుకుంటోందో లెక్కపెట్టు. నీ పాత వీడియోలూ పెట్టుకుని చూడు" అన్నాను. నాలుగు రోజులకు కాగితం తెచ్చింది. తాను మూడు సెకన్లు, ఉమాశ్రీ ఒకటిన్నర. "సార్, ఇంత తొందరగా వదిలితే ఎదురు పరిగెత్తుకొచ్చే అమ్మాయికి పట్టీ లాగే సమయమే ఉండదు. నేను దూరం చూసేదాన్ని కాబట్టి ఆగేదాన్ని" అంది. మీతో అనొద్దంది కానీ రాస్తున్నాను, ఆ రోజు ఉమాశ్రీ ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగింది. ఉమాశ్రీ ఇంకాసేపు అడగనివ్వాల్సింది, వెంటనే కాఫీ పెట్టేసిందట.

ఇప్పుడు మా ఆట వేరు. చిన్న చిన్న విసుర్లు, అయిదు గజాలు, ఏడు గజాలు. అందరికీ బంతి వస్తుంది. అందరూ విసరడం నేర్చుకోవాలని భార్గవే పట్టుబట్టింది. భూలక్ష్మి కూడా విసురుతోంది, ఎటు పోతుందో దేవుడికే తెలియాలి.

రాష్ట్ర పోటీల్లో సెమీస్‌లో ఓడిపోయాం. గ్రౌండు పోయింది. భూలక్ష్మి వాళ్ల నాన్న బాలనర్సయ్య గారు తనకు తెలిసిన బడి మైదానం ఇప్పించారు. గడ్డి లేదు, రాళ్లు ఏరుకున్నాం. మానేసిన ఇద్దరూ మళ్లీ వస్తున్నారు. బంతి తమకూ వస్తుందని విని వచ్చారట.

అక్టోబరులో గచ్చిబౌలిలో క్లబ్బుల పోటీ ఉంది. దక్షిణాది జట్లన్నీ వస్తాయి.

పార్థసారథి


ప్రొద్దుటూరు
9 ఆగస్టు

సారుకు,

జాబు అందింది. షాపులో నిన్న ఒక పిల్లోన్ని తిట్టబోయి ఆగినా. మీ ఉత్తరం గుర్తొచ్చి కాదు, గొంతు బాగలేక. కానీ ఆగినా.

ఇంటామె తిరిగొచ్చింది. ఆదివారం వస్తే కాళ్లు నిలవడం లేదు ఆమెకు.

మునిస్వామి


ప్రగతి నగర్
28 అక్టోబరు

మునిస్వామి గారికి,

నాలుగు జట్లను ఓడించి ఫైనల్‌కు వచ్చామండి. బెంగళూరు జట్టు. మొన్న ఆదివారం. ఎలా జరిగిందో భార్గవి తన వైపు నుంచి చెప్పే ఉంటుంది. నా వైపు నుంచి నేను చెబుతాను.

మొదటి సగం అయ్యేసరికి ఒక పాయింటు ముందున్నాం. ఉమాశ్రీ నీళ్లు తాగడానికి వస్తూ కుడి పాదం వంకరగా వేసింది. "ఏమైంది?" అన్నాను. "ఏం లేదు సార్" అంది. కూర్చోమని బూటు విప్పించాను. చీలమండ ఉబ్బుతోంది. నేలకు ఆనించమంటే పళ్లు బిగించింది.

"ఇంకో ఇరవై నిమిషాలే సార్. కట్టు కట్టండి, ఆడతా."

నా సంచిలో కట్టు ఉంది. చెయ్యి అటు వెళ్లిందని ఒప్పుకుంటాను. తర్వాత ఐసు తీసి ఇచ్చాను. "నీ ఆట అయిపోయింది ఉమా" అన్నాను. ఆ పిల్ల వాదించలేదు. తల వంచుకుని ఏడ్చింది.

అప్పుడు వచ్చింది భార్గవి. ఆమె జట్టు టీషర్టు వేసుకుని బెంచీ మీదే ఉంది. డాక్టరు గారు డిసెంబరు దాకా వద్దన్నారని మీకు తెలుసు.

"నేను వెళ్తా సార్. నిలబడి విసురుతా. పరిగెత్తను."

"వద్దు."

"నాకు నొప్పి లేదు. ఒట్టు. కాగితంలో నొప్పి ఉంటే అని కదా ఉంది!"

"కాగితంలో ఏముందో నాకు తెలుసు. కూర్చో."

"ఎనిమిది నెలలు సార్. ఒక్క మ్యాచ్. ఓడిపోతాం, కనిపిస్తోంది కదా మీకు?"

"కనిపిస్తోంది. కూర్చో."

అందరూ వింటుండగా నన్ను పిరికివాణ్ణంది. బాటిల్ విసిరికొట్టింది. కానీ గీత దాటి లోపలికి వెళ్లలేదు. అది మీరు గుర్తుపెట్టుకోండి.

భూలక్ష్మి క్వార్టర్‌బ్యాక్‌గా ఆడింది. మొదటి రెండు బంతులు అవతలి జట్టు చేతికి ఇచ్చింది. తర్వాత కుదురుకుంది. భార్గవి కాసేపు మొహం తిప్పుకుని కూర్చుని, ఇక ఉండబట్టలేక లేచి గీత పక్కనే నడుస్తూ, "దగ్గర చూడు భూలక్ష్మీ, ఎడమ పక్క చూడు" అని గొంతు పోయేలా అరిచింది. చివరి నిమిషంలో ఒక పాయింటు తేడాతో ఓడిపోయాం.

ఫిబ్రవరిలో ఒక్క మనిషి పడిపోతే మేం మిగతా ఆటలో గీత దగ్గరికి కూడా వెళ్లలేకపోయాం. మొన్న ఇద్దరు లేకుండా చివరి నిమిషం దాకా నిలబడ్డాం. ఉమాశ్రీకి దక్షిణ జోన్ శిక్షణ శిబిరానికి పిలుపొచ్చింది. చీలమండ బెణుకేనట, మూడు వారాల్లో తగ్గుతుంది.

భార్గవి నాతో మాట్లాడటం లేదు. ఈసారి వారంలో తగ్గేలా లేదు.

పార్థసారథి


ప్రొద్దుటూరు
3 నవంబరు

పార్థసారథి సారుకు,

ఆ ఆదివారం మ్యాచ్ అయిపోతానే బిడ్డ ఫోన్ చేసింది. ఏడుస్తా చెప్పింది. మీరు పంపింటే గెలిచేవాళ్లంట. డాక్టర్లు అన్నీ ఎక్కువ చేసి చెప్తారంట. మీకు ధైర్యం లేదంట. నేను మొత్తం విన్నా. అంతా అయినాక, "సారు చేసిందే కరెక్టు" అంటి.

తర్వాత, "నువ్వు కూడానా నాన్నా" అని ఫోన్ పెట్టేసింది. వారం దాటింది. వాళ్లమ్మకు చేస్తుంది, నాకు చేయదు.

కాబట్టి ఇప్పుడు మన ఇద్దరి మీదా కోపంగా ఉంది. మీరొక్కరే అనుకొని బాధపడొద్దు.

నేను ఆలోచించినా సార్. ఫిబ్రవరిలో మీ జాగాలో నేను ఉంటే ఏం చేసుందును? ఆ రోజు బిడ్డ నన్ను అడిగింటే, అంత చెయ్యి ఉందని తెలిసింటే, నేనూ కట్టు కట్టి పంపేవాణ్ణే. ఇది రాయడానికి నాకు ఇన్ని నెలలు పట్టింది.

డిసెంబరులో డాక్టరు ఒప్పుకుంటే అది మళ్లీ ఆడుతుంది గదా. ఏ జాగాలో ఆడినా సరే. ఆ ఆదివారం నేను, ఇంటామె వస్తాం. షాపుకు తాళం వేసే వస్తా. మా ఇద్దరికీ మీ పక్కన కుర్చీలు వేయించండి. మాతో మాట్లాడకపోయినా, మన ముందర పరిగెత్తితే చాలు.

మునిస్వామి